రాష్ట్రపతి సంతకం, ఆడపిల్లల వాటా

మన కృష్ణా డెల్టా పల్లెల్లో ప్రెసిడెంటు అంటే ఇప్పటికీ పంచాయతీ ప్రెసిడెంటే. 1964 చట్టం సర్పంచ్ అని పేరు పెట్టినా కృత్తివెన్నులో, బంటుమిల్లిలో, దివిసీమలో జనం నోట ఆ మాట పోలేదు. ఢిల్లీలో ఉండే ప్రెసిడెంటు అధికారాల గురించి ఈ పత్రికలో ఎందుకు రాయాలని కార్యకర్తలు అడగవచ్చు. అది రాజ్యాంగ పండితుల వ్యవహారం కదా, మన దగ్గర భర్త తన్నిన కేసులూ పుట్టింటి వాటా తగాదాలూ కుప్పలుగా పడి ఉండగా అది మనకెందుకు అనిపించడం సహజమే. కానీ ఆ వాటా తగాదాల కాగితాల్లోనే రాష్ట్రపతి సంతకం ఉంది. అది ఎక్కడుందో ఈసారి చూద్దాం.

సందర్భం కూడా ఉంది. 2025 నవంబరు 20న సుప్రీంకోర్టు అయిదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనం, రాష్ట్రపతి అడిగిన పద్నాలుగు ప్రశ్నలకు తన అభిప్రాయం చెప్పింది. శాసనసభ ఆమోదించిన బిల్లు రాష్ట్రపతి దగ్గరకు వెళితే దాన్ని ఇన్నాళ్లలో తేల్చాలని న్యాయస్థానం గడువు పెట్టజాలదని, గడువు దాటింది కాబట్టి ఆమోదం దొరికినట్టే అనుకోవడం రాజ్యాంగానికి కొత్తని చెప్పింది. అదే ఏడాది ఏప్రిల్ 8న తమిళనాడు బిల్లుల కేసులో ఇద్దరు న్యాయమూర్తులు రాష్ట్రపతికి మూడు నెలల గడువు పెట్టారు. ఆ గడువు ఏడు నెలల పైచిలుకు బతికి పోయింది. దీన్ని ఎక్కువమంది గవర్నర్లకూ ముఖ్యమంత్రులకూ మధ్య తగాదాగానే చూశారు. ఎవరు గెలిచారు, ఎవరు ఓడారు అన్న లెక్కలే వేశారు. ఆ బిల్లుల అవతల ఉండే మనుషుల వైపు నుంచి, ముఖ్యంగా ఆడవాళ్ల వైపు నుంచి ఈ చరిత్రను చదివితే అది వేరేగా కనిపిస్తుంది.

రాష్ట్రపతి అధికారాల మీద మన గణతంత్రంలో వచ్చిన మొట్టమొదటి పెద్ద వివాదం ఏ విషయంలో వచ్చిందో గుర్తుచేసుకోవాలి. యుద్ధం విషయంలోనో, ప్రభుత్వాల బర్తరఫు విషయంలోనో రాలేదు. ఆడపిల్లకు ఆస్తిలో వాటా, విడాకుల హక్కు, ఏకపత్నీత్వం గురించిన హిందూ కోడ్ బిల్లు విషయంలో వచ్చింది. 1951 సెప్టెంబరులో బాబూ రాజేంద్రప్రసాద్ ప్రధాని నెహ్రూకు ఉత్తరం రాశారు. ఈ బిల్లు పార్లమెంటు దాటి తన దగ్గరకు వస్తే, మంత్రివర్గం సలహాతో నిమిత్తం లేకుండా తన సొంత విచక్షణ ప్రకారం నడుచుకోవాలనుకుంటున్నట్టు తెలియజేశారు. అప్పటి పార్లమెంటు వయోజన ఓటు మీద ఎన్నికైనది కాదు, ఇంత పెద్ద మార్పు తలపెట్టే అధికారం దానికి లేదన్నది ఆయన వాదన. అదే పార్లమెంటు చేసిన మిగతా చట్టాల దగ్గర అంత పట్టింపు కనిపించదు. ఆడవాళ్ల ఆస్తి దగ్గరకు వచ్చేసరికే ప్రజామోదం ఎందుకు గుర్తొచ్చిందో వేరే చెప్పనక్కర లేదు.

నెహ్రూ ఇద్దరిని సలహా అడిగారు. ఒకరు అటార్నీ జనరల్ సెతల్వాడ్. రెండోవారు మన నెల్లూరు జిల్లాలో పుట్టి, రాజ్యాంగ ముసాయిదా సంఘంలో సభ్యులుగా పనిచేసిన అల్లాడి కృష్ణస్వామి అయ్యర్. ఇద్దరూ ఒకే మాట చెప్పారు. రాష్ట్రపతి మంత్రివర్గం సలహాకు కట్టుబడవలసిందే, పార్లమెంటు అభీష్టానికి ఎదురు నిలిచే సొంత అధికారం ఆయనకు లేదు. రాజ్యాంగంలో ఆ ముక్క అప్పటికి స్పష్టంగా రాసి లేదు. 74వ అధికరణ మంత్రిమండలి రాష్ట్రపతికి సహాయం, సలహా అందిస్తుందని మాత్రమే అన్నది, ఆ సలహాను పాటించి తీరాలని అనలేదు. ఆ ఖాళీని మొదట పూరించింది ఆడవాళ్ల హక్కుల మీద నడిచిన ఈ ఉత్తర ప్రత్యుత్తరాలే.

అయినా బిల్లు ఆ ఏడు గట్టెక్కలేదు. ఆ నెలాఖరులోనే అంబేద్కర్ న్యాయశాఖ మంత్రి పదవికి రాజీనామా చేశారు. తర్వాత బిల్లు ముక్కలై వచ్చింది. హిందూ వారసత్వ చట్టానికి 1956 జూన్ 17న ఆమోదం తెలిపింది ఆ రాజేంద్రప్రసాదే. ఇష్టం లేకపోయినా సంతకం పెట్టవలసి రావడం ప్రజాస్వామ్యంలో మంచి లక్షణం. కాని అప్పటికే చట్టం కోరలు కొన్ని ఊడిపోయాయి. ఉమ్మడి కుటుంబ ఆస్తిలో పుట్టుకతో వచ్చే హక్కును మగపిల్లలకే ఉంచేశారు. దాని అర్థం పొలం లెక్కలో చూస్తే తెలుస్తుంది. తాతల నాటి నాలుగెకరాలున్న ఇంట్లో తండ్రి, ఒక కొడుకు, ఒక కూతురు ఉన్నారనుకుందాం. తండ్రి పోతే ముందు తండ్రీకొడుకుల మధ్య చెరి రెండెకరాలు పంచినట్టు లెక్కగడతారు. తండ్రి వాటా రెండెకరాల్లోనే కూతురికి సగం. చివరికి కొడుక్కి మూడెకరాలు, కూతురికి ఒకటి. ఆ ఒకటి కూడా పసుపు కుంకుమ కింద ఇచ్చేశామనో, కట్నంలో కలిసిపోయిందనో చెప్పి హక్కు విడుదల పత్రం మీద వేలిముద్ర వేయించుకోవడం మనకు తెలిసిన కథే.

రాష్ట్రపతికి సొంత నిర్ణయాధికారం లేదన్న సూత్రం మంచిదే అయినా దానికి ఇంకో ముఖం ఉంది. 1975 జూన్ 25 రాత్రి ఫక్రుద్దీన్ అలీ అహ్మద్ అత్యవసర పరిస్థితి ప్రకటన మీద సంతకం పెట్టారు. అప్పటికి మంత్రివర్గం సమావేశం కాలేదు, మర్నాడు పొద్దున పిలిచి చెప్పారు. ప్రధాని పంపిన ఉత్తరం ఒక్కటే ఆధారం. 1976లో 42వ సవరణ ఆ కట్టుబాటును రాజ్యాంగంలోనే రాసేసింది. రాష్ట్రపతి మంత్రిమండలి సలహా ప్రకారమే నడుచుకోవాలన్నది. జనతా ప్రభుత్వం 1978లో తెచ్చిన 44వ సవరణ కొంత సడలించింది. సలహాను ఒక్కసారి వెనక్కి పంపి మళ్లీ ఆలోచించమనవచ్చు, రెండోసారి అదే సలహా వస్తే పాటించాలి. అత్యవసర పరిస్థితికి మంత్రివర్గం రాతపూర్వక నిర్ణయం ఉండాలన్నది. జీవించే హక్కును ఆ కాలంలోనూ సస్పెండ్ చేయడానికి వీల్లేదన్నది. ఆ సవరణ మన పౌరహక్కుల చరిత్రలో ఒక ముఖ్యమైన మైలురాయి, దాన్ని తక్కువ చేయనక్కర లేదు.

ఎవరికీ మెజారిటీ లేని రోజున మాత్రం రాష్ట్రపతి సొంత బుద్ధికి ఇప్పటికీ చోటుంది. 1979 ఆగస్టులో మన అనంతపురం జిల్లా నీలం సంజీవరెడ్డి, లోక్‌సభను ఒక్కరోజు కూడా ఎదుర్కోని చరణ్‌సింగ్ సలహా మీద సభను రద్దు చేశారు. దళిత నాయకుడు జగ్జీవన్‌రామ్‌కు బలం చూపించుకునే అవకాశం దక్కలేదు. ఆ నిర్ణయం తప్పా ఒప్పా అన్న వాదన ఇంకా తెగలేదు.

మన డెల్టాను నేరుగా తాకిన కథ ఆ తర్వాతది. 1984 ఆగస్టు 16న గవర్నర్ రామ్‌లాల్ ఎన్‌టీ రామారావు ప్రభుత్వాన్ని బర్తరఫ్ చేశారు. గవర్నరు పదవిలో ఉండేది రాష్ట్రపతి ఇష్టం ఉన్నంతకాలమే, ఆ ఇష్టం ఎవరిదో అందరికీ తెలుసు. నెల తిరిగేసరికి, సెప్టెంబరు 16న రామారావు మళ్లీ ముఖ్యమంత్రి అయ్యారు. గుడివాడ నుంచి గెలిచిన ఆయన మీద ఢిల్లీ చేసిన దాడి గురించి ఈ ప్రాంతంలో పెద్దవాళ్లు ఇప్పటికీ చెబుతారు. ఆ తర్వాత ఆ ప్రభుత్వమే తెచ్చిన ఆడపిల్లల ఆస్తి చట్టానికి కూడా ఢిల్లీ సంతకం కావలసివచ్చిందన్న సంగతి ఎవరూ అంతగా చెప్పరు.

వారసత్వం ఉమ్మడి జాబితాలోని విషయం. దాని మీద కేంద్ర చట్టం ఉండగా రాష్ట్రం దానికి భిన్నంగా చట్టం చేస్తే చెల్లదు. రాష్ట్రపతి ఆమోదం ఉంటేనే ఆ రాష్ట్రంలో చెల్లుతుంది. ఇది 254వ అధికరణ. ఉమ్మడి ఆస్తిలో కొడుకుతో పాటు కూతురికి కూడా పుట్టుకతోనే హక్కు ఇచ్చిన ఆంధ్రప్రదేశ్ సవరణ చట్టం 1986లో 13వ నంబరు చట్టంగా వచ్చింది. 1985 సెప్టెంబరు 5 నుంచి అమల్లోకి వచ్చినట్టు లెక్క. కేంద్రంలోనూ రాష్ట్రంలోనూ బద్ధ శత్రువులైన పార్టీలు అధికారంలో ఉన్న కాలమది. జైల్‌సింగ్ రాష్ట్రపతి. అయినా ఆమోదం వచ్చింది. కేంద్ర చట్టాన్ని దాటి రాష్ట్రం ముందుకు పోవడానికి ఆ సంతకం దారి ఇచ్చింది. ఆ మాట ఒప్పుకోవాలి, ఎందుకంటే రాష్ట్రపతి ఆమోదం అన్న ఏర్పాటే వద్దని ఇప్పుడు కొందరు మిత్రులు వాదిస్తున్నారు. ఆ ఏర్పాటు లేకపోతే 1986లో మన రాష్ట్రం చేసిన చట్టం కేంద్ర చట్టం ముందు నిలిచేదే కాదు. తర్వాత తమిళనాడు, కర్ణాటక, మహారాష్ట్ర అదే బాట పట్టేవీ కావు.

ఇక చట్టం లోపలి సంగతి. ఆ తేదీకి ముందే పెళ్లయిన కూతుళ్లకు ఈ హక్కు వర్తించదని అందులో రాశారు. అంటే ఒకే ఇంట్లో అక్కకు వాటా లేదు, చెల్లెలికి ఉంది. పెళ్లితో ఆడపిల్ల పుట్టింటికి పరాయిదవుతుందన్న పాత నమ్మకాన్ని చట్టమే తేదీ వేసి మరీ ఖాయం చేసింది. అక్కకు దారి తెరిచిన కేంద్ర సవరణకు రాష్ట్రపతి ఆమోదం దొరికింది 2005 సెప్టెంబరు 5న. అక్షరాలా ఇరవై ఏళ్లు. అది అమల్లోకి వచ్చిన సెప్టెంబరు 9 నాటికి తండ్రి బతికి ఉండాలా అక్కర లేదా అన్న పేచీ తేలడానికి ఇంకో పదిహేనేళ్లు పట్టింది. 2020 ఆగస్టు 11న వినీతాశర్మ కేసులో సుప్రీంకోర్టు, హక్కు పుట్టుకతో వచ్చేదని, తండ్రి ఆ తేదీకి ఉన్నా పోయినా తేడా లేదని చెప్పింది. 2004 డిసెంబరు 20కి ముందే రిజిస్టరై జరిగిపోయిన పంపకాలను మాత్రం కదిలించేది లేదు.

ఈ ఇరవై ఏళ్లలో డెల్టా చివరి నేలకు ఏం జరిగిందో చూస్తే కాలయాపన ఖరీదు తెలుస్తుంది. తొంభైల మొదట్లో వరిచేలు రొయ్యల చెరువులయ్యాయి. ఉప్పునేలకు కూడా కౌలు పలికింది. తెల్లమచ్చ తెగులు వచ్చి చెరువులు తుడిచిపెట్టుకుపోయాయి, 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు రొయ్యల సాగు మీద తీర్పిచ్చింది, మళ్లీ చెరువులు లేచాయి. కృత్తివెన్ను, కైకలూరు వైపు ఇప్పుడు కనుచూపు మేరా నీళ్లే. పొలం గట్లు పోయాక ఏది ఎవరి వాటానో నేల మీద గుర్తుపట్టే దారి లేదు. పాస్‌బుక్కు అన్నదమ్ముల పేరున, కౌలు పత్రం వాళ్ల పేరున, బ్యాంకు అప్పు వాళ్ల పేరున. ఇరవై ఏళ్ల తర్వాత హక్కు చేతికొచ్చిన అక్క వెళ్లి అడగవలసింది పొలాన్ని కాదు, చెరువు కౌలులో వాటాను. చట్టం సంతకం కోసం ఆగుతుంది గాని నేల ఆగదు. గడువు లేదు అన్న మాటను న్యాయమూర్తులు సిద్ధాంతంగా చూడగలరు, మనం అలా చూడలేం.

ఇటీవలి ఉదాహరణ దిశ బిల్లు. 2019 నవంబరులో శంషాబాద్ దగ్గర యువ వైద్యురాలి మీద జరిగిన ఘోరం తర్వాత, డిసెంబరు 13న ఆంధ్రప్రదేశ్ శాసనసభ దాన్ని ఆమోదించింది. ఏడు పనిదినాల్లో దర్యాప్తు, పద్నాలుగు పనిదినాల్లో విచారణ, అత్యాచారానికి మరణశిక్ష. భారత శిక్షాస్మృతినీ నేర విచారణ స్మృతినీ సవరించే బిల్లు కాబట్టి రాష్ట్రపతి ఆమోదం తప్పనిసరి. ఆమోదం రాలేదు. కానీ 2020 ఫిబ్రవరిలోనే రాజమహేంద్రవరంలో మొదటి దిశ పోలీస్ స్టేషను తెరిచారు. యాప్ వచ్చింది, గోడల మీద దిశ చట్టం అన్న రాతలు వచ్చాయి. చట్టం వచ్చేసిందని ఆడవాళ్లు నమ్మారు. స్టేషనుకు వెళ్లి దిశ కింద కేసు రాయమన్న వాళ్లకు దక్కింది పాత శిక్షాస్మృతి సెక్షన్లే. చివరికి 2024 జూలై 1న ఆ శిక్షాస్మృతే పోయి భారతీయ న్యాయ సంహిత వచ్చింది. ఏ చట్టాన్ని సవరించాలని ఆ బిల్లు బయలుదేరిందో ఆ చట్టమే లేకుండా పోయింది. ఆమోదించలేదు, తిరస్కరించలేదు. కాలం దాన్ని మింగేసింది. మహారాష్ట్ర శక్తి బిల్లూ చట్టం కాలేదు.

స్త్రీల సంఘాల్లో చాలామందిమి ఈ బిల్లును సమర్థించలేదు. ఇరవై ఒక్క రోజుల్లో కేసు ముగించాలంటే పోలీసులు దొరికిన పేదవాణ్ణి పట్టుకుపోతారన్న భయం ఉంది. నేరస్తుడు సొంత మామో బాబాయో అయినప్పుడు ఉరిశిక్ష ఉందంటే అసలు ఫిర్యాదే బయటికి రాదన్న అనుభవమూ ఉంది. కాబట్టి బిల్లు ఆగిపోతే మనకు సంతోషమే కదా అని అడగవచ్చు. అలా సంతోషించడం పొరపాటు. మన అభ్యంతరాలకు జవాబు దొరకలేదు, వాళ్ల అభ్యంతరాలు ఏమిటో జనానికి తెలియలేదు. ఆ బిల్లు తప్పని ఎవరైనా ఢిల్లీలో అనుకుని ఉంటే ఆ కారణాలు రాసి శాసనసభకు పంపి, జనం ముందు పెట్టి ఉంటే ఉరిశిక్ష మీద ఈ రాష్ట్రంలో జరగవలసిన చర్చ జరిగేది. రేపు గృహహింస మీదనో, ఒంటరి స్త్రీల భూమి మీదనో మనం కొట్లాడి తెచ్చుకున్న బిల్లు కూడా ఇలాగే మౌనంలో కలిసిపోవచ్చు. 1986 చివర్లో పార్లమెంటు చేసిన పోస్టాఫీసు సవరణ బిల్లు మీద జైల్‌సింగ్ సంతకం పెట్టకుండా ఊరుకున్నారు. జనం ఉత్తరాలు ప్రభుత్వం విప్పి చదివే బిల్లు అది, ఆగడం మంచిదైంది. కానీ ఆ మౌనం అనే ఆయుధానికి మంచిచెడ్డలు తెలియవు.

పైగా ఢిల్లీ తలచుకుంటే ఆలస్యం ఉండదు. వర్మ కమిటీ 2013 జనవరి 23న నివేదిక ఇస్తే, ఫిబ్రవరి 3కల్లా ఆర్డినెన్సు మీద రాష్ట్రపతి సంతకం పడింది. భార్య మీద భర్త చేసే అత్యాచారం కూడా నేరమేనన్న కమిటీ మాటను మాత్రం అందులో వదిలేశారు. చట్టసభల్లో మూడో వంతు స్థానాల బిల్లు 2023 సెప్టెంబరు 21న రాజ్యసభ దాటితే, 28న ద్రౌపదీ ముర్ము ఆమోదం వచ్చింది. వారం రోజులు. అమలును జనగణనకూ నియోజకవర్గాల పునర్విభజనకూ ముడిపెట్టి అందులోనే రాశారు. సంతకం తొందరగా పడింది, ఆలస్యాన్ని సంతకం లోపలే దాచారు.

రాజ్యాంగం పార్లమెంటు బిల్లునూ శాసనసభ బిల్లునూ ఒకలా చూడదు. పార్లమెంటు రెండోసారి ఆమోదించిన బిల్లును రాష్ట్రపతి కాదనడానికి వీల్లేదని 111వ అధికరణ చెబుతుంది. శాసనసభ రెండోసారి పంపినా అది మళ్లీ రాష్ట్రపతి పరిశీలనకే వెళుతుంది, సంతకం పెట్టి తీరాలని 201వ అధికరణలో లేదు. వెనక్కి వచ్చిన బిల్లును శాసనసభ ఆరు నెలల్లోగా చూడాలి, రాష్ట్రపతికి గడువే లేదు. అడిగేవాళ్లకు గడువు, ఇచ్చేవాళ్లకు లేదు. రాష్ట్రపతి అంటే ఆచరణలో కేంద్ర హోంశాఖ ఫైలే. ఏ మంత్రిత్వశాఖ ఏమన్నదో బయటికి రాదు. మంత్రులు రాష్ట్రపతికి ఏ సలహా ఇచ్చారన్నది కోర్టు విచారించకూడదని 74వ అధికరణ రెండో భాగం అంటుంది. 1994 మార్చి 11న బొమ్మై కేసులో తొమ్మిదిమంది న్యాయమూర్తులు ఈ తెరను కొంచెం పక్కకు తీశారు. సలహాను చూడకపోయినా, ఆ సలహాకు ఆధారమైన సమాచారాన్ని చూడవచ్చన్నారు. ఆ తర్వాత ప్రభుత్వాలను ఇష్టం వచ్చినట్టు రద్దు చేయడం కష్టమైంది. 1997లో ఉత్తరప్రదేశ్ విషయంలో, 1998లో బీహార్ విషయంలో కె.ఆర్. నారాయణన్ మంత్రివర్గం సిఫార్సును వెనక్కి పంపగలిగారంటే వెనక ఆ తీర్పు బలం ఉంది. ప్రభుత్వాన్ని రద్దు చేయడానికి కారణం చూపాలి గాని, ప్రజాప్రతినిధులు చేసిన బిల్లును ఏళ్ల తరబడి పక్కన పడేయడానికి కారణం చూపనక్కర లేదనడం ఏ న్యాయమో 2025 అభిప్రాయం చదివాక కూడా అర్థం కాలేదు.

మళ్లీ మన పల్లె ప్రెసిడెంటు దగ్గరకు వద్దాం. 1993 ఏప్రిల్ 24న 73వ సవరణ అమల్లోకి వచ్చాక ఎన్నికైన ఆడవాళ్లను ఎంత వెక్కిరించారో మనకు తెలుసు. మొగుడు చూపించిన చోట సంతకం పెట్టే ప్రెసిడెంటు అన్నారు. రాష్ట్రంలో సగం స్థానాలు ఆడవాళ్లవయ్యాక కూడా ఆ వెక్కిరింత తగ్గలేదు. రాష్ట్రపతి భవన్‌లో చూపించిన చోట సంతకం పెట్టడాన్ని మాత్రం పార్లమెంటరీ సంప్రదాయం అంటారు. తేడా లేదని మేము అనడం లేదు. మంత్రివర్గం సభకు జవాబుదారీ, సర్పంచ్ భర్త ఎవరికీ జవాబుదారీ కాదు. అందుకే రాజేంద్రప్రసాద్ తరహా సొంత అధికారం రాష్ట్రపతికి తిరిగి ఇవ్వమని మనం కోరకూడదు. ప్రతిభా పాటిల్, ద్రౌపదీ ముర్ము వంటి స్త్రీలు ఆ కుర్చీలో కూర్చున్నా కోరకూడదు. కానీ జవాబుదారీతనం పేరుతో రాష్ట్రపతి చేతులు కట్టేసినప్పుడు, ఆ చేతుల వెనక ఉన్నవాళ్లు జవాబు చెప్పాలి కదా. పంచాయతీ తీర్మానాన్ని ప్రెసిడెంటు కారణం చెప్పకుండా ఆరేళ్లు పెట్టెలో పెడితే ఊరు ఊరుకుంటుందా?

సంఘాలుగా మనం చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. ఆడవాళ్ల విషయంలో రాష్ట్ర ప్రభుత్వం ఏ బిల్లు తెస్తున్నా, అది ఏ కేంద్ర చట్టానికి అడ్డం వస్తుంది, రాష్ట్రపతి ఆమోదం కావాలా అన్న ప్రశ్న ముసాయిదా దశలోనే ఎమ్మెల్యేలను అడగాలి. ఆమోదం రాని బిల్లును చట్టమని ప్రచారం చేస్తే రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పాలి. పెండింగు బిల్లు ఏ తేదీన ఢిల్లీకి వెళ్లింది, ఏ శాఖ ఏమని అడిగింది, రాష్ట్రం ఎప్పుడు జవాబిచ్చిందన్నది ప్రతి సమావేశంలో సభ ముందు పెట్టమని కోరాలి. దానికి రాజ్యాంగ సవరణ అక్కర లేదు, శాసనసభ తలచుకుంటే చాలు.

ఇంకో పని కూడా ఉంది. 1985 సెప్టెంబరు 5కి ముందు పెళ్లయి, చెల్లెళ్లకు వాటా దక్కినా తమకు దక్కని ఆడవాళ్లు మన మండలాల్లో ఎందరో ఉన్నారు. వాళ్లలో చాలామందికి 2005 సవరణ గురించి గాని 2020 తీర్పు గురించి గాని ఎవరూ చెప్పలేదు. పంపకం ఎప్పుడు జరిగింది, రిజిస్టరయిందా లేక నోటిమాటగానే అయిందా, భూమి ఇప్పుడు చేనా చెరువా, కౌలు ఎవరు తీసుకుంటున్నారు అన్న వివరాలు కార్యకర్తలు ఊరూరా సేకరించి వచ్చే సంచికకు పంపాలి. పేర్లు వేయం. నోటిమాట పంపకాలైతే దావాకు అవకాశం ఉంటుంది కాబట్టి వాటిని విడిగా రాయండి.